కొలరాడో నదిపై ఎవరి వంతు ఎంత? గ్రాండ్ కాన్యన్ పడవ పర్మిట్ల కేస్ స్టడీ

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఉత్తర అంచున లీస్ ఫెర్రీ అనే రేవు ఉంది. అక్కడ కొలరాడో నదిలో దింపిన పడవను మళ్లీ బండి మీదికి ఎక్కించగలిగిన మొదటి చోటు 226 మైళ్ల దిగువన, హువాలపాయ్ తెగవారి భూమిలో, డైమండ్ క్రీక్ దగ్గర వస్తుంది. నడుమ ఉన్నదంతా గ్రాండ్ కాన్యన్ లోయ. ఈ దారిలో ఏటా ఎంతమంది పోవచ్చు, వారిలో కంపెనీకి డబ్బు కట్టి గైడ్ల వెంట పోయేవారికి ఎంత వంతు, సొంతంగా తెడ్లు వేసుకుంటూ పోయేవారికి ఎంత వంతు అన్న విషయం మీద 1970ల మొదటి నుంచి 2010 దాకా అధికారులు, కంపెనీలు, ప్రైవేటు పడవవారు (అంటే కంపెనీ లేకుండా సొంతంగా పోయేవారు), కోర్టులు తలమునకలయ్యారు. నదుల వినియోగ ప్రణాళికలు తయారుచేసే పనిలో ఉన్న నేను ఏ కొత్త నది విషయం చేతికి వచ్చినా ముందు ఈ కేసునే తిరగేస్తాను. పంపకం ఎక్కడ చెడుతుందో, చెడిన పంపకాన్ని ఎంతవరకు సరిదిద్దవచ్చో, ఎక్కడ సరిదిద్దలేక వదిలేశారో అన్నీ ఇందులో ఒకేచోట కనిపిస్తాయి.

పరిమితి ఎందుకు వచ్చింది

1869లో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ బృందం ఈ లోయగుండా పడవల్లో వెళ్లింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు, అంటే 1949 నాటికి కూడా, ఈ దారిలో వెళ్లినవారి సంఖ్య వంద దగ్గరే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న రబ్బరు పడవలు చవకగా దొరకడం, 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్లు మూసిన తర్వాత వరదల ఉధృతి తగ్గి ఏడాదిలో చాలా నెలలు పడవ నడిపేందుకు వీలు కలగడం, ఈ రెండూ కలిసి పరిస్థితిని మార్చేశాయి. 1966లో 1,067 మంది వెళ్లారు. 1972లో 16,432 మంది వెళ్లారు. ఆరేళ్లలో పదిహేను రెట్లు పెరిగిన ఈ రద్దీని ఆ లోయ మోయలేకపోయింది.

ఎందుకు మోయలేకపోయిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే పంపకం గురించి మాట్లాడేవారు చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా శాతాల దగ్గరికి వెళ్లిపోతారు. లోయలో రాత్రి బస చేయడానికి పనికొచ్చేవి ఒడ్డున ఉన్న ఇసుక తిన్నెలే. చాలాచోట్ల రాతి గోడలు నిలువుగా నీళ్లలోకి దిగుతాయి కనుక, ఇరుకు భాగాల్లో కొద్ది బృందాలకు మించి దిగే చోటు ఉండదు. పైగా ఆ ఇసుకను తెచ్చి పోసే ఒండ్రు నీరు ఇప్పుడు ఆనకట్ట వెనకే ఆగిపోతోంది. 1996 నుంచి అప్పుడప్పుడు ఆనకట్ట నుంచి పెద్ద ఎత్తున నీరు వదిలి తిన్నెలను మళ్లీ పేర్చే ప్రయోగాలు చేస్తున్నారు గాని, పాత తిన్నెలు పూర్తిగా తిరిగి రాలేదు. కాబట్టి ఇక్కడ అసలు హద్దు నది వెడల్పు కాదు, నీటి పరిమాణమూ కాదు, ఒక రాత్రి లోయలో ఎన్ని బృందాలు ఒకరికొకరు అడ్డురాకుండా పడుకోగలవన్నదే హద్దు. పంచుకోవలసిన వస్తువేదో ఇలా ముందే గుర్తించకపోతే, తర్వాత దాన్ని ఏ కొలతతో పంచినా తప్పే అవుతుంది.

1972 దగ్గర గడియారం ఆపడం

గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కును చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ అప్పుడు చేసిన పని తేలికైనదే. 1972లో ఎంత వినియోగం ఉందో అక్కడే ఆపేసింది. కొలతగా యూజర్ డేను తీసుకున్నారు, అంటే ఒక మనిషి నదిపై గడిపిన ఒక రోజు. మొత్తం 96,600 యూజర్ డేలు. ఆ ఏడాది వాడకాన్ని బట్టి అందులో 92 శాతం కంపెనీల వెంట వెళ్లేవారికి, 8 శాతం సొంతంగా వెళ్లేవారికి దక్కింది.

అధికారులకు దీన్లో దురుద్దేశం ఉందని నేను అనుకోను. రద్దీ పెరుగుతున్నప్పుడు ఎక్కడో ఒకచోట ఆపాలి, చేతిలో ఉన్న లెక్క అదే. కాని ఆ లెక్క చెప్పింది ఆ ఏడాది ఎవరు వెళ్లారన్నది మాత్రమే, ఎవరు వెళ్లాలనుకుంటున్నారన్నది కాదు. కంపెనీలు అప్పటికే ప్రకటనలు, పడవలు, సిబ్బందితో నిలదొక్కుకున్నాయి. సొంతంగా వెళ్లే పడవవారు అప్పుడప్పుడే పుట్టుకొస్తున్నారు. ముందు వచ్చినవారి వాటా స్థిరపడి, వెనక వచ్చినవారి పెరుగుదల ఆగిపోయింది. కోటా ఒకసారి కాగితం మీదికి ఎక్కిందంటే దానికి విలువ పుడుతుంది. కంపెనీలు దాన్ని నమ్ముకుని పెట్టుబడి పెడతాయి, ఉద్యోగాలు ఇస్తాయి, చేతులు మారినప్పుడు ఆ విలువ కూడా ధరలో చేరుతుంది. పదేళ్ల తర్వాత దాన్ని తగ్గిస్తామంటే నష్టపోయేవారు నిజంగానే ఉంటారు. తాత్కాలికమనుకున్న పంపకాన్ని తర్వాత కదిలించడం ఎంత కష్టమో ఈ ఒక్క నిర్ణయం చాలు చూపించడానికి.

ప్రైవేటు పడవవారి తరఫున ఒక సంస్థ కోర్టుకు వెళ్లింది. ప్రజలందరిదైన నదిలోకి వెళ్లడానికి కంపెనీ ఖాతాదారుకు ఒక దారి, సామాన్యుడికి ఇంకో దారి ఏమిటన్నది వారి వాదన. 1979లో పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు, తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఆ వాదనను అంగీకరించలేదు. నదిని కాపాడటానికి మొత్తం వాడకాన్ని పరిమితం చేయవలసి వచ్చినప్పుడు, ఒక వర్గం ప్రవేశాన్ని రెండో వర్గం కోసం కొంత తగ్గించడం తప్పనిసరని, రెండు వర్గాలుగా విడదీసి పంచడమే చట్టవిరుద్ధం కాదని చెప్పింది. పంపకం న్యాయమైన ప్రమాణాల మీద జరిగిందా లేదా అన్నది మాత్రం చూడవలసిందే. ఈ తీర్పు తర్వాత వాదం ‘విడదీయవచ్చా’ అన్న చోటు నుంచి ‘ఏ ప్రమాణంతో విడదీయాలి’ అన్న చోటుకు మారింది. నా దృష్టిలో అసలైన చోటు అదే.

1980 ప్రణాళిక ప్రైవేటు వంతును 54,450 యూజర్ డేలకు పెంచింది. కంపెనీల వంతును తగ్గించకుండా 1,15,500కు పెంచింది. అంటే ఇంచుమించు 68కి 32. అదే ప్రణాళికలో మోటారు పడవలను క్రమంగా తీసేయాలన్న ప్రతిపాదన ఉండగా, సెనేటర్ ఆరిన్ హ్యాచ్ బడ్జెట్ చట్టంలో చేర్పించిన సవరణతో అది ఆగిపోయింది. మోటారు ప్రస్తావన ఇక్కడ ఎందుకంటే, మోటారు ఉంటే ఒక మనిషి లోయ దాటడానికి పట్టే రోజులు సగానికి పైగా తగ్గిపోతాయి. కొలత యూజర్ డే అయినప్పుడు ఇది లెక్కనంతా మార్చేస్తుంది.

ఇరవై ఏళ్ల వరుస

ప్రైవేటు పర్మిట్ కావలసినవారికి 1980లలో వెయిటింగ్ లిస్ట్ మొదలైంది. ముందు పేరు రాయించుకున్నవారికి ముందు తేదీ. చూడటానికి ఇంతకంటే న్యాయమైనది లేదనిపిస్తుంది. 2000 నాటికి ఆ జాబితా వేలల్లోకి చేరింది, తర్వాత 8,000 దాకా వెళ్లింది. కొత్తగా చేరేవారికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుందన్న అంచనా వినిపించేది. ఆసక్తి ఇంకా ఉందని ఏటా ఉత్తరం రాసి తెలియజేయాలి, లేకపోతే పేరు తీసేస్తారు.

జాబితా అంత పొడవైతే మనుషులు ఏం చేస్తారో చూడండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు విడివిడిగా పేర్లు రాయిస్తారు. ఇప్పుడు వెళ్లాలని లేనివారు కూడా ఎప్పటికో పనికొస్తుందని చేరతారు. అప్పుడు జాబితా పొడవు నిజమైన గిరాకీని చూపించదు. మరోవైపు, ఎవరైనా తేదీ రద్దు చేసుకుంటే ఆ ఖాళీ కోసం ఫోన్ చేసి అడగవచ్చు. ఆ కిటుకు తెలిసి, ఏ వారమైనా సెలవు పెట్టుకోగల పాత పడవవారు రెండు మూడేళ్లకొకసారి వెళ్లివచ్చేవారు. టీచరు, నర్సు, చిన్నపిల్లల తల్లి మాత్రం వరుసలోనే ఉండిపోయేవారు. బయట కనిపించే నియమం అందరికీ ఒకటే, లోపల దారి తెలిసినవారికి వేరు.

ఇదే కాలంలో కంపెనీ యాత్ర కావలసినవారికి ఎంత కాలం పట్టేది? వేలల్లో డాలర్లు కట్టగలిగితే సాధారణంగా వచ్చే ఏడాదికో, ఆపై ఏడాదికో సీటు దొరికేది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వరుస, సర్వదర్శనం వరుస చూసిన తెలుగువారికి ఈ తేడా విడమర్చి చెప్పనక్కరలేదు. ఏ వరుసకు రోజులో ఎన్ని గంటలు కేటాయించారన్న లెక్క ఎలా ఉన్నా, లోపలికి వెళ్లేవాడు ఎంతసేపు నిలబడ్డాడన్నదే అతనికి తెలిసే న్యాయం. ఈ కేసు మొత్తంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే: రెండు వర్గాల వాటాలను పోల్చడం కాదు, రెండు వర్గాల్లోని మనుషుల నిరీక్షణను పోల్చాలి.

2006 ప్రణాళిక

ప్రణాళికను సవరించే పనిని పార్కు యాజమాన్యం 2000లో నిలిపేయడంతో గ్రాండ్ కాన్యన్ ప్రైవేట్ బోటర్స్ అసోసియేషన్, మరికొందరు కలిసి దావా వేశారు. 2002లో రాజీ కుదిరి, పని మళ్లీ మొదలైంది. ఆ తర్వాత జరిగినదాన్ని ఈ వృత్తిలో ఉన్నవారు జాగ్రత్తగా గమనించాలి. ముసాయిదా వచ్చిన తర్వాత, 2005లో, కంపెనీల సంఘం, ప్రైవేటు పడవవారి సంఘం, నదుల్లో పడవలు నడిపేవారి జాతీయ సంస్థ అమెరికన్ వైట్‌వాటర్, కంపెనీ యాత్రికుల తరఫున మాట్లాడే సంఘం కలిసి ఒకే ఉమ్మడి సిఫారసు పంపాయి. మోటారు యాత్రలు ఉండవచ్చని ప్రైవేటువారు ఒప్పుకున్నారు. ప్రైవేటు వంతు ఏడాది మొత్తం మీద తమ వంతుతో సమానం కావచ్చని కంపెనీలు ఒప్పుకున్నాయి. పాతికేళ్లు ఎదురెదురుగా ఉన్నవారు ఎవరికి ఏది ప్రాణమో, ఏది వదులుకోగలరో ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది. మోటారు ఉండకూడదన్న రివర్ రన్నర్స్ ఫర్ వైల్డర్‌నెస్ మాత్రం ఈ రాజీకి బయటే ఉండిపోయింది.

2006 ఫిబ్రవరిలో తుది నిర్ణయం వెలువడింది. ఒకేసారి నదిలో ఉండగల బృందాలు 70 నుంచి 60కి, రోజులో బయలుదేరగల బృందాలు తొమ్మిది నుంచి ఆరుకు తగ్గాయి. కంపెనీల వంతు 1,15,500 యూజర్ డేల దగ్గరే ఆగింది. ప్రైవేటు వంతు సుమారు 1,13,486కు పెరిగింది, యాత్రల సంఖ్య ఏటా 503 అయింది. మోటార్లకు ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకే అనుమతి. కంపెనీ యాత్రికుడైనా, ప్రైవేటు పడవవాడైనా ఏడాదికి ఒక్కసారే వెళ్లాలి.

యూజర్ డేల్లో చూస్తే తరాజు సమంగా నిలిచింది. కాని అదే ప్రణాళిక వేసుకున్న అంచనా ప్రకారం ఏటా కంపెనీల వెంట వెళ్లేవారు 17,606 మంది, సొంతంగా వెళ్లేవారు 7,051 మంది. భాగించి చూస్తే కంపెనీ యాత్రికుడికి సగటున ఆరున్నర రోజులు, ప్రైవేటు పడవవాడికి పదహారు రోజులు వస్తాయి. రోజులు సమానం, మనుషులు సమానం కాదు. అయితే దీన్ని కంపెనీల పక్షపాతంగా చదవడం తొందరపాటే. తెడ్లతో నడిచే పడవకు ఈ దూరం దాటడానికి రెండు వారాలు కావాలి. ఆ రెండు వారాలనే తగ్గిస్తే పర్మిట్లు పెరుగుతాయి గాని యాత్ర రూపం మారిపోతుంది. మనుషులు, రోజులు, యాత్రలు అనే మూడు కొలతల్లో ఏది పట్టుకుంటే ఆ వర్గం బలహీనంగానో బలంగానో కనిపిస్తుంది. సభల్లో ఒక్కో పక్షం తనకు అనువైన కొలతనే పట్టుకుని మాట్లాడుతుంది కనుక, చర్చ మొదలుకాకముందే మూడింటినీ ఒకే పట్టికలో పెట్టి అందరి చేతికీ ఇవ్వడం నేను అలవాటు చేసుకున్నాను.

కాలం సంగతి కూడా ఉంది. వేసవిలో కంపెనీల వంతే ఇప్పటికీ ఎక్కువ. ప్రైవేటువారికి కొత్తగా కలిసిన యాత్రల్లో చాలా భాగం వసంతం, శరత్తు, చలికాలాల్లో వచ్చాయి. డిసెంబరులో లోయ అడుగున ఎండ పడేది కొద్ది గంటలే. నీరు ఆనకట్ట లోతుల్లోంచి వస్తుంది కనుక మంచులా ఉంటుంది. అనుభవం ఉన్న పడవవారు నిశ్శబ్దం కోసం చలికాలాన్నే కోరి ఎంచుకుంటారన్నది నిజం. పిల్లల బడి సెలవులు వేసవిలోనే వస్తాయన్నదీ అంతే నిజం. జనవరిలో ఒక రోజును, జూన్‌లో ఒక రోజును ఒకే విలువ కట్టి కూడితే వచ్చే సమానత్వం మీద నాకు పూర్తి నమ్మకం లేదు.

వెయిటింగ్ లిస్ట్ స్థానంలో లాటరీ వచ్చింది. నదిపైకి వెళ్లి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టి ఒక్కో దరఖాస్తుదారుకు ఐదు అవకాశాల దాకా లెక్కిస్తారు. ఈమధ్యే వెళ్లివచ్చినవారికి తక్కువ, ఎన్నడూ వెళ్లనివారికి ఎక్కువ. పాత జాబితాలో ఉన్నవారిని గాలికి వదిలేయకుండా, నిరీక్షించిన ఏళ్లకు తగినట్టు అదనపు అవకాశాలు ఇచ్చి కొత్త పద్ధతిలోకి తెచ్చారు. దశాబ్దం పైగా వరుసలో నిలబడ్డ కొందరు దీన్ని నమ్మకద్రోహంగా భావించారు, వారి బాధలో న్యాయం ఉంది. కాని ఇరవై ఏళ్ల వరుస అనేది యువకుడికి వంతు ఇవ్వనని చెప్పడమే. లాటరీలో ఓడినవారు వచ్చే ఏడాది మళ్లీ అందరితో కలిసి మొదటి వరుసలోనే ఉంటారు. ఈ మార్పును నేను పూర్తిగా సమర్థిస్తాను.

రేవులో కనిపించేది

ఈ రెండు వర్గాలు ఎలా ఉంటాయో లీస్ ఫెర్రీ రేవులో ఒక పూట నిలబడితే అర్థమవుతుంది. ప్రైవేటు బృందం ముందు రోజే వచ్చి పడవలకు గాలి కొట్టి, అల్యూమినియం చట్రాలు బిగించి, రెండు వారాల తిండి ఉన్న ఐస్ పెట్టెలను పట్టీలతో కడుతుంది. రేంజర్ వచ్చి లైఫ్ జాకెట్లు, అదనపు తెడ్లు, నేలమీద బూడిద పడకుండా మంట వేసుకునే పళ్లెం, మలాన్ని లోయలో వదలకుండా వెనక్కి మోసుకురావడానికి వాడే మూత బిగుసుకునే పెట్టెలు ఒక్కొక్కటే చూస్తాడు. మర్నాడు ఉదయం ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు సరిచూసి, నియమాలు వినిపించి వదులుతాడు. ఆ పక్కనే ముప్పై అడుగులు దాటిన మోటారు రబ్బరు పడవలను కంపెనీ గైడ్లు ముందే సిద్ధం చేసి ఉంచుతారు. బస్సు వస్తుంది, యాత్రికులు దిగుతారు, జాకెట్లు వేసుకుంటారు, గైడు చెప్పింది విని ఎక్కి కూర్చుంటారు.

ఆ బస్సు దిగేవారిని చూస్తే ‘కంపెనీలు, ప్రజలు’ అన్న విభజన నిలవదు. డెబ్బై దాటిన దంపతులు ఉంటారు, కాలు సరిగా లేనివారు ఉంటారు, ఎన్నడూ తెడ్డు పట్టని తల్లులు, పిల్లలు ఉంటారు. అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో లోయను పై అంచు నుంచి చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. నదిలోకి దిగే కొద్దిమందీ ఎక్కువగా ఇలా గైడ్ల వెంటే దిగుతారు, ఎందుకంటే లావా ఫాల్స్ లాంటి ర్యాపిడ్లలో, అంటే నీరు రాళ్ల మీదుగా ఉధృతంగా దూకే చోట్ల, పడవ నడిపే విద్య ఒక వారాంతంలో వచ్చేది కాదు. వీరూ ప్రజలే. కాబట్టి పంపకం కంపెనీకీ ప్రజలకూ మధ్య కాదు, గైడు కావలసిన ప్రజలకూ అక్కరలేని ప్రజలకూ మధ్య.

వదిలేసిన దారి

అలా చూసినప్పుడు, అనుమతిని ముందు మనిషికే ఇచ్చి, గైడును పెట్టుకోవాలా వద్దా అన్నది అతనికే వదిలేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఓరెగాన్‌లోని డెషూట్స్ నదిలో ఇలా గైడు ఉన్నవారు, లేనివారు ఒకే ఉమ్మడి కోటాలోంచి అనుమతి తీసుకుంటారు. ఐడహోలో సామన్ నది మిడిల్ ఫోర్క్‌లో పద్ధతి వేరు. రోజుకు ఏడు బృందాలు, అందులో లాటరీ గెలిచిన ప్రైవేటువారివి నాలుగు, కంపెనీలవి మూడు. అక్కడ కొలత యాత్రే కనుక లెక్క అందరికీ అర్థమవుతుంది.

గ్రాండ్ కాన్యన్ ముసాయిదా చర్చల్లో ఉమ్మడి కోటా, గిరాకీని బట్టి ఏటా వాటాలు సర్దే పద్ధతి రెండూ పరిశీలనకు వచ్చి, చివరికి స్థిరమైన వాటాలే నిలిచాయి. పూర్తి ఉమ్మడి కోటాను ఇక్కడికి తేవాలని నేను అనను. రెండు వారాల యాత్రకు సిబ్బందిని, పడవలను, తిండిని ఏడాది ముందే సమకూర్చుకోవలసిన కంపెనీ, ఎవరికి లాటరీ తగులుతుందో తెలియకుండా బతకలేదు. అది మూతపడితే ఆ డెబ్బై ఏళ్ల దంపతులకే దారి మూసుకుపోతుంది. కాని సర్దుబాటు పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. దానికి కావలసిన సమాచారం లేకపోవడమే అసలు అడ్డంకి. ప్రైవేటు గిరాకీ లాటరీ దరఖాస్తుల్లో కనిపిస్తుంది. కంపెనీల గిరాకీ వాటి బుకింగ్ పుస్తకాల్లో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే చోటు లేదు.

మోటార్లు, వాటాలు రెండింటినీ సవాలు చేస్తూ వేసిన దావాలో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 2010లో పార్కు సర్వీస్ పక్షానే తీర్పు ఇచ్చింది. కంపెనీల సంఘం, ప్రైవేటు పడవవారి సంఘం ఆ కేసులో ఒకే వైపు, ప్రణాళికను కాపాడే వైపు, చేరాయి. 2006 ప్రణాళిక ఈనాటికీ అమల్లోనే ఉంది.

ఇప్పుడు నేను సలహా ఇచ్చే నదుల్లో వాటాల శాతం నిర్ణయించకముందే అడిగేది ఒక ఉమ్మడి రిజిస్టరు. గైడుతో వెళ్లాలనుకునేవారైనా, సొంతంగా వెళ్లాలనుకునేవారైనా మొదట అడిగిన తేదీ, కోరిన నెల, చివరికి దొరికిన తేదీ, దొరకకపోతే ఆ విషయం అందులో నమోదు కావాలి. కంపెనీ తన ఖాతాదారు పేరు, ధర చెప్పనక్కరలేదు, ఈ తేదీలు ఇస్తే చాలు. ఏడాది చివర రెండు వర్గాల నిరీక్షణను నెలలవారీగా ప్రచురించాలి. యాత్రలు నడపడానికి కంపెనీతో చేసుకున్న కాంట్రాక్టు గడువు ముగిసి కొత్తది రాసేటప్పుడు, నిరీక్షణ ఎక్కువగా ఉన్న వర్గానికి మొదట వసంతంలో, తర్వాత వేసవిలో, కొన్ని బయలుదేరే తేదీలు బదిలీ అయ్యే నిబంధన ఆ కాంట్రాక్టులోనే ఉండాలి. గడువు మధ్యలో ఎవరి వంతూ కదలదు కనుక కంపెనీకి పెట్టుబడి భయం ఉండదు, గడువు ముగిసినప్పుడు కదులుతుందని ముందే తెలుసు కనుక ఆ కోటాకు శాశ్వత ఆస్తి విలువ పుట్టదు.